ఆడ పని, మగ పని, సమానత్వం: మా వరంగల్ దిక్కు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

మహిళా సంఘాల మీటింగులల్ల, కాలేజీలల్ల, ఊర్ల చెట్టు కింద నలుగురు కూసున్న కాడ ఈ ముచ్చట తీస్తే హన్మకొండ నుంచి జగిత్యాల దాకా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తయి. కొందరు కోపంగ అడుగుతరు, కొందరు మీటింగ్ అయిపోయినంక పక్కకు పిలిచి చిన్నగ అడుగుతరు. అన్నీ ఒక్క దగ్గర ఉంటే పనికొస్తదని రాస్తున్న. నాకు అర్థమైంది ముందే చెప్త: మన దిక్కు ఆడవాళ్ల చెయ్యి పడని పని లేదు, కానీ కాగితాల మీద వాళ్ల పేరు చానా తక్కువ. ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా నేను తిరిగి తిరిగి ఆడికే వస్త.

జెండర్ రోల్స్ అంటే ఏంది? సీదగ చెప్పండి.

కడుపుతోని ఉండుడు, కనుడు, పాలిచ్చుడు, ఇవి శరీరంతోని వచ్చినయి. మిగతాదంతా, అంటే వంట ఎవరు చేయాలె, ట్రాక్టర్ ఎవరు నడపాలె, బ్యాంకుకు ఎవరు పోవాలె, సంబంధం ఎవరు ఖాయం చేయాలె, ముందుగాల ఎవరు తినాలె, ఇదంతా మనం పెట్టుకున్నది, వీటినే జెండర్ రోల్స్ అంటరు. చిన్నప్పటి నుంచి చూసి చూసి పుట్టుకతోనే వచ్చింది అనుకుంటం.

దీనికి మన పొలాలల్లనే రుజువు ఉన్నది. వరి నాటు ఆడోళ్ల పని అని తరతరాలుగ చెప్పుకున్నం, మగోళ్లకు అంతసేపు నడుము వంగదు, నారు ఆడోళ్ల చేతికే కుదురుతది అన్నం. మగాయన నారు కట్టలు తెచ్చి పొలంల అక్కడక్కడ ఏస్తడు, ఆడోళ్లు బురదల వంగి వెనకకు నడుసుకుంట నాటుతరు, పొద్దుగూకే దాకా నడుము లేవదు. ఇప్పుడు కొన్నేండ్ల నుంచి కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ దిక్కు బీహార్, బెంగాల్, యూపీ నుంచి మగ కూలీలు గుంపులుగ వచ్చి ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని నాట్లేస్తున్నరు. వాళ్లు కూడ పొద్దందాక వంగే నాటుతున్నరు. వాళ్లను చూసి ఊర్ల ఎవ్వరు కూడ ఆడోళ్ల పని చేస్తున్నరు అని అంటలేరు. మరి ఇన్నేండ్లు చెప్పుకున్న నడుము లెక్క ఏమైంది? అది శరీరం లెక్క కానే కాదు, అలవాటు లెక్క, పైసల లెక్క.

కష్టమైన పని మగోళ్లే చేస్తరు, అందుకే కూలి ఎక్కువ. ఇండ్ల తప్పేమున్నది?

ఏది కష్టం అని ఎవరు తీర్మానం చేసిన్రు? పత్తి ఏరుడు ఒక్కసారి దగ్గరుండి చూడండి. నడుముకు చీర కొంగో సంచో కట్టుకొని పొద్దున్నే సాలు పడ్తరు, ఎండిన కాయ అంచులు ముండ్ల లెక్క ఉంటయి, గోళ్ల పక్కన చర్మం చీరుకపోతది, నెత్తి మీద ఎండ, సంచి నిండుతున్న కొద్ది మెడకు నడుముకు బరువు. కిలోకు ఇంత అని ఇస్తరు, అందుకే మధ్యల నీళ్లు తాగనీకి కూడ ఆగరు. మందు కొట్టేటప్పుడు మగాయన స్ప్రేయర్ పట్టుకుంటడు, బావి కాడి నుంచి బిందెలు మోసుకొచ్చి మందు కలిపి పోసేది ఎక్కువగ ఆడమనిషే. ఆ మందు గాలి ఇద్దరికీ తగుల్తది, కూలి మాత్రం స్ప్రేయర్ పట్టుకున్నాయనకే ఎక్కువ.

సమాన పనికి సమాన వేతనం అని 1976లనే చట్టం వచ్చింది. కానీ మన దగ్గర పనినే మొదలు ఆడ మగ అని పంచేస్తరు, ఇగ పోల్చనీకి సమాన పని అనేదే కనబడదు. చట్టం పక్కన పడిపోయేది ఈడనే. ఉపాధి హామీ పనిల అయితే ఆడ మగ తేడా లేకుండ ఒకటే రేటు పెట్టిన్రు, అందుకే మన ఊర్లల్ల ఆ పనికి ఆడవాళ్లు అంత మంది పోయిన్రు.

ఇంకో మాట. మిషన్ వచ్చిన ప్రతిసారి ఆడవాళ్ల చేతిల పని పోయి మగవాళ్ల చేతికి జీతం పోతున్నది. కోతలు కొడవలి ఉన్నప్పుడు ఆడవాళ్లయి, హార్వెస్టర్ వచ్చినంక డ్రైవర్ మగాయన. కలుపు తీసేది ఆడవాళ్లు, కలుపు మందు కొట్టేది మగవాళ్లు. ఆడపిల్లలకు మిషన్లు నడుపుడు నేర్పియ్యకపోతే రేపు పొలంల వాళ్లకు ఏ పని మిగుల్తదో నాకు నిజంగ భయమైతది.

మా ఆవిడ ఇంట్లనే ఉంటది, ఏం పని చేయదు. ఆమెకేం కష్టం?

ఈ ప్రశ్న అడిగిన అన్నలు చానా మంది మంచోళ్లే, కానీ చూడలే అంతే. దేశం మొత్తం మీద సర్కారు 2024ల చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దాని మీద పెడ్తున్నరు, ఇంటి పనిల చెయ్యి పెట్టే మగవాళ్లు 88 నిమిషాలు. అంతకుముందు 2019ల ఆడవాళ్లది 299, మగవాళ్లది 97. అంటే ఐదేండ్లల్ల ఇద్దరికీ తగ్గింది గని మధ్యల తేడా మాత్రం జరగలే, 200 నిమిషాల కాడనే ఉన్నది. ఇంట్ల పిల్లలను, ముసలోళ్లను చూసుకునే టైమ్ వేరే, అది ఇండ్ల కలవలే.

సంఘం మీటింగులల్ల మేం ఒక పని చేపిస్తం. ఆలుమొగలు ఇద్దరు వేరు వేరు కాగితాల మీద నిన్న లేచినకాడి నుంచి పండుకున్న దాకా గంట గంటకు ఏం చేసిన్రో రాయాలె. మగవాళ్ల కాగితంల పొలం, హోటల్ కాడ చాయ్, మార్కెట్, టీవీ, తినుడు అని ఉంటది. ఆడవాళ్లు మొదట నాలుగు లైన్లు రాసి ఆగిపోతరు, మరి వాకిలి ఎవరు ఊడ్చిన్రు, సాన్పు ఎవరు చల్లిన్రు, బర్రెకు కుడితి ఎవరు పెట్టిన్రు, బోళ్లు, బట్టలు, పిలగాని జడుపు జ్వరం, అత్తకు గోళీలు అని అడుగుతుంటే కాగితం వెనకకు తిప్పి రాస్తరు. వాళ్లకు వాళ్లే అవి పని కింద లెక్క పెట్టలే చూడండి. నాకు మస్తు బాధ అనిపించేది అదే.

ఇంటి పని తగ్గియ్యాలంటే మొగుడు సాయం చేస్తే సరిపోతదా?

సాయం అనుకున్నంత కాలం అది ఆమె పనే, ఆయన దయ. పని పంచుకోవాలె, ఇది నాది అని పట్టుకోవాలె. దాంతోపాటు సర్కారు చేసేది కూడ ఉంటది. నల్లా నీళ్లు ఇంటికి వచ్చినంక బిందెలు మోసే బాధ తప్పి ఆడవాళ్లకు మిగిలిన టైమ్ తక్కువేం కాదు. కానీ అదే నల్లా వేళపాళ లేకుండ వస్తే నీళ్లు పట్టనీకి ఎవరో ఒకరు ఇంటికాడ ఉండాలె, ఆ ఎవరో ఒకరు ఎవరో మీకు తెల్సు. అంగన్‌వాడీ టైముకు తెరిస్తే తల్లి కూలికి పోగల్గుతది, తెరవకపోతే పెద్ద ఆడపిల్ల బడి మానేసి చిన్నోన్ని ఎత్తుకుంటది.

మా అమ్మ బీడీలు చేస్తది. అది ఉద్యోగం లెక్కకు వస్తదా?

వస్తది, వందకు వంద శాతం. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు ఎన్ని ఇండ్లు ఈ ఆడవాళ్ల వేళ్ల మీద నిలబడ్డయో. తునికాకు నానబెట్టి, అచ్చు పెట్టి కత్తెరతోని కోసి, తంబాకు నింపి చుట్టి, మూతి ఒత్తి, దారం కట్టుడు, వెయ్యి బీడీలకు ఇంత అని ఇస్తరు. ఆకు మంచిగ లేకపోతే తక్కువ పడ్డ ఆకు వాళ్లే కొనుక్కొని కలపాలె, చాట్‌ల, అంటే బాగలేవని ఏరి తీసేసిన బీడీలకు పైసలు రావు. ఇంట్ల కూసొని చేసినా కూడ వాళ్లు కార్మికులే అని 1966లనే బీడీ కార్మికుల చట్టం చెప్పింది. పీఎఫ్ ఉంటది, గుర్తింపు కార్డు ఉంటది. మీ అమ్మకు కార్డు ఉన్నదా, పీఎఫ్ పడుతున్నదా, దాని నామినీ ఎవరు, ఇయ్యాలనే అడగండి.

ఈ దిక్కు సంబంధం చూసేటప్పుడు పిల్లకు బీడీలు చేసుడు వస్తదా అని అడిగే రోజులు ఇంక పూర్తిగ పోలే. పిల్ల సంపాదన కావాలె, కానీ ఆ సంపాదన మీద పిల్లకు మాట ఉండదు. మెడ నొప్పి, నడుము నొప్పి, దగ్గు మాత్రం ఆమెకే మిగుల్తయి. చిన్న ఆడపిల్లలు బడి నుంచి రాంగనే మూతులు ఒత్తనీకి కూసుంటరు, వాళ్ల తమ్ముడు ఆడుకోనీకి పోతడు, అన్నీ ఆడనే మొదలైతయి.

ఎవుసం అంత నేనే చూస్త, పాస్‌బుక్కు మా ఆయన పేరు మీద ఉన్నది. పేరు లేకపోతే ఏమైతది అక్కా?

మస్తు అయితది చెల్లె. పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాల పడ్తది. పంట లోన్ పట్టాదారుకే ఇస్తరు. 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా ఉన్నది, 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తయి, అదే పొలంల పొద్దుమాపు పని చేసిన ఆడమనిషి పాము కరిచి చనిపోతే, పట్టా లేకపోతే ఆ బీమా లెక్కల ఆమె రైతే కాదు. మార్కెట్‌ల కూడ అంతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బండి మీద పత్తి పోయిందంటే తక్‌పట్టీ, అంటే అమ్మిన లెక్క కాగితం, ఎవరి పేరు మీద రాస్తే పైసలు వాళ్ల చేతికి. ఏరిన చేతికి చెప్పేది వాళ్ల ఇష్టం.

1997, 98ల పత్తి పోయి మన వరంగల్ జిల్లాల ఎంత మంది రైతులు ప్రాణాలు తీసుకున్నరో పెద్దోళ్లకు యాదికుంటది. ఆ ఇండ్లల్ల భార్యలు ఎన్నడు అప్పు మాట వినలే, షావుకారు దగ్గర ఎంత తెచ్చిండో, ఎంత మిత్తి ఉన్నదో తెల్వదు, కాగితాలు ఎక్కడున్నయో తెల్వదు. మరునాటి నుంచి అప్పులోళ్లు వాళ్ల ఇంటి ముందట కూసున్నరు. అప్పు చేసేటప్పుడు లెక్క చెప్పరు, అప్పు కట్టేటప్పుడు మాత్రం ఆమెనే కట్టాలె. లెక్కలు ఇద్దరికీ తెల్సుడు అనేది ఏదో పెద్ద సిద్ధాంతం కాదు, ఇల్లు నిలబడే ముచ్చట.

ఆడపిల్లకు భూమిల నిజంగ హక్కు ఉన్నదా? పెండ్లైనంక కూడనా?

ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంల 1985లనే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిల కొడుకుతో సమానంగ హక్కు ఇచ్చిన్రు, కాకపోతే అప్పటికే పెండ్లైనోళ్లకు వర్తించలే. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశం మొత్తం హిందూ వారసత్వ చట్టం మారింది, పెండ్లైనా కాకపోయినా బిడ్డకు పుట్టుకతోనే వాటా. ఎవుసం భూమికి కూడ అంతే. ఆ తారీఖు నాటికి బాపు బతికి ఉండాల్నా అని కోర్టులల్ల చానా రోజులు కొట్లాట నడిచింది, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదు అని తేల్చింది. 2004 డిసెంబర్ 20 కంటే ముందు రిజిస్ట్రేషన్ అయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. బాపు సొంతంగ సంపాదించింది అయితే ఆయన ఎవరికన్నా రాసియ్యొచ్చు, ఏం రాయకుండ పోతే బిడ్డకు కొడుకుకు తల్లికి సమానమే. ముస్లింలకు వాళ్ల పర్సనల్ లా ప్రకారం కొడుకు వాటాల సగం బిడ్డకు వస్తది, క్రిస్టియన్లకు 1925 చట్టం కింద ఇద్దరికీ సమానం.

జాగ్రత్త పడాల్సింది ఫౌతి చేసేటప్పుడు, అంటే చనిపోయినోళ్ల భూమి వారసుల పేరు మీదికి మార్చేటప్పుడు. బాపు పోయినంక పదకొండు రోజులు కాంగనే అన్నదమ్ములు ఒక కాగితం తెస్తరు, తహసీల్ ఆఫీసుల అడిగిన్రు, సంతకం పెట్టు చెల్లె అంటరు. ఏడ్సుకుంట సంతకం పెట్టేస్తరు. అది హక్కు వదులుకున్న కాగితం అని మల్ల ఎప్పటికో తెలుస్తది. చదవకుండ, చదివిపిచ్చుకోకుండ సంతకం పెట్టద్దు. ఒక్క వారం టైమ్ అడిగితే మీ అన్నదమ్ములు ఏమనుకుంటరు అనే ఆలోచన పక్కన పెట్టండి, అడగండి.

వాటా అడిగితే పుట్టింటి తొవ్వ మూసుకపోతది గదా?

ఇదే అసలు భయం, చట్టం తెల్వక కాదు. బతుకమ్మకు ఎవరు పిలుస్తరు, బిడ్డ పెండ్లికి మేనమామ బట్టలు ఎవరు పెడ్తరు, రేపు మొగనితోని పడకపోతే ఎవరి ఇంటికి పోవాలె అని. నేను దీన్ని చిన్న విషయం అనను. కానీ ఒక మాట అడుగుత. వాటా అడగనన్ని రోజులే ఉండే ప్రేమ అయితే మొగడు కొట్టి వెళ్లగొట్టిన రోజు ఆ ఇంట్ల మీకు ఎన్ని రోజులు చోటుంటది? ఎన్నో ఇండ్లల్ల చూసిన, నాలుగు రోజులు మంచిగ చూసి ఐదో రోజు సర్దుకపో బిడ్డ అంటరు. తన పేరు మీద పది గుంటలున్న ఆడమనిషి సర్దుకపోవాల్నా వద్దా అని తనే ఆలోచించుకోగల్గుతది. తల్లిదండ్రులకు నేను చెప్పేది వేరే. మీరు బతికి ఉన్నప్పుడే కూసొని కొడుకులకు బిడ్డలకు రాసియ్యండి, ఆ కొట్లాట మీ పిల్లల నెత్తి మీద ఏసి పోకండి.

కట్నం ఇచ్చినం గదా, అదే ఆమె వాటా కాదా?

కాదు. కట్నం పైసలు అల్లుని ఇంటికి పోతయి, కారు అల్లుని పేరు మీద ఉంటది, ఫంక్షన్ హాల్ పైసలు ఒక్క పూటల అయిపోతయి. బిడ్డ చేతిల ఏం మిగిలింది? ఇచ్చుడు తీసుకొనుడు రెండు నేరమే అని 1961ల చట్టం చేసిన్రు, ఆ చట్టంల ఇంకో మాట ఉన్నది, ఎవరికీ తెల్వదు: కట్నం కింద ఎవరు తీసుకున్నా దాన్ని మూడు నెలల్ల ఆ ఆడమనిషి పేరు మీదికి మార్చాలె. ఎన్నడన్న చూసిన్రా? ఆ పైసలతోని బిడ్డ పేరు మీద జాగ కొనండి, లేకపోతే ఆమె చదువుకు పెట్టండి. గుంట జాగ అమ్మి కట్నం పెట్టి అప్పుల పాలైన తండ్రులను చూసినప్పుడల్ల ఈ పద్ధతి మగవాళ్లను కూడ ఎట్ల తింటున్నదో అర్థమైతది.

పదో తరగతి కాంగనే పెండ్లి చేస్తే ఏమైతది? కాలం బాగలేదు.

కాలం బాగలేకపోతే కాలాన్ని బాగు చేయాలె, పిల్ల చదువును బంద్ పెట్టుడు కాదు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండ పెండ్లి చేస్తే నేరం. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు కూడ పిల్లకు 18 నిండితేనే ఇస్తరు, చెక్కు పిల్ల తల్లి పేరు మీద వస్తది. బాల్య పెండ్లి అయితున్నదని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి, చెప్పినోళ్ల పేరు బయటపెట్టరు. చదువుకు కేజీబీవీలు (ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడులు), గురుకులాలు ఉన్నయి, 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. బస్సు పైసలు లేక ఇంటర్ మానేసే పిల్లలకు అది మామూలు సంగతి కాదు, ములుగు నుంచి హన్మకొండకు రోజూ వచ్చి చదువుకోవచ్చు.

నా కొడుకుకు వంట నేర్పిస్త అంటే మా అత్తమ్మ ఒప్పుకోదు. మగపిల్లగాడు పొయ్యి కాడ కూసుంటడా అంటది.

అత్తమ్మతోని కొట్లాడకండి, ఒక్కటి అడగండి: మొన్న మన ఇంట్ల లగ్గానికి బగార అన్నం ఎవరు వండిన్రు? వంట మాస్టర్లు అందరు మగవాళ్లే. హోటళ్లల్ల, మెస్సులల్ల, టిఫిన్ సెంటర్లల్ల ఎక్కువ మంది మగవాళ్లే. బట్టలు కుట్టుడు కూడ అంతే, బజార్ల పెద్ద టైలర్ షాపు ఆయనది, ఇంట్ల జాకెట్లు కుట్టేది ఆమె. పైసలు వచ్చే కాడ మగవాళ్ల పని, ఊకె చేసే కాడ ఆడవాళ్ల పని. ఈ ఒక్క మాట చెప్తే ఎంత పెద్ద మనుషులైనా ఒక్క నిమిషం ఆలోచనల పడ్తరు.

ఇంకా అత్తమ్మలకు నచ్చే మాట ఒకటున్నది. రేపు మీ మనుమడు హైదరాబాద్‌ల చదువుకో, గల్ఫ్‌ల పనికో పోతడు. జగిత్యాల, నిర్మల్ దిక్కు పోయిన పిల్లలను అడగండి, దుబాయ్‌ల రూముల ఎనిమిది మంది వంతులు ఏసుకొని వండుకుంటరు, రానోడు ఎంత గోస పడ్తడో. అన్నం, పప్పు, నాలుగు కూరలు, తిన్న పళ్లెం కడుగుడు, తన బట్టలు తను పిండుకొనుడు, ఇవి పదేండ్ల పిల్లగానికి వస్తయి. చెల్లెకు చెప్పినట్టే అన్నకు చెప్పాలె, అదే రోజు, అదే గొంతుతోని. బతుకమ్మ పండుగకు గునుగు, తంగేడు పువ్వు కోసుకొచ్చేది మగపిల్లలే గదా, ఆడోళ్ల పండుగ అని ఏ పిల్లగాడన్న సిగ్గు పడ్డడా?

ఇదంత ఆడవాళ్ల గురించే. మగవాళ్లకు కష్టాలు లేవా?

ఉన్నయి, మాట్లాడాలె. ఇల్లు మొత్తం నువ్వే మోయాలె, ఏడ్వద్దు, అప్పు అయితే ఎవరికీ చెప్పద్దు, చెప్తే పరువు పోతది, ఇట్ల పెంచుతం మగపిల్లలను. పదేండ్ల పిల్లగాడు కింద పడి ఏడిస్తే ఆడపిల్లవా అంటం. వాడు పెద్దైనంక లోపలిది లోపలనే పెట్టుకొని సీసా కాడ కూసుంటడు, లేకపోతే పురుగు మందు డబ్బా కాడ. గల్ఫ్ పోయినాయన ఏండ్లకేండ్లు పిల్లల మొఖం ఫోన్‌ల చూసి బతుకుతడు. సంపాదించే బరువు ఇద్దరు పంచుకుంటే, లెక్కలు ఇద్దరికీ తెలిస్తే ఆయన ఒక్కడే మునిగిపోడు. మనసు బాగలేనప్పుడు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, ఫ్రీ. మగవాళ్లు ఎక్కువగ చేయాల్సిన నంబర్ ఇది అని నేను అందరికీ చెప్త.

పిల్లలు కాకుండ ఆపరేషన్ ఆడవాళ్లే ఎందుకు చేయించుకోవాలె?

చేయించుకోవాలని ఏం లేదు. సర్కారు చేసే కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం దేశంల 15 నుంచి 49 ఏండ్ల పెండ్లైన ఆడవాళ్లల్ల 37.9 శాతం తామే ఆపరేషన్ చేయించుకున్నరు, మొగడు చేయించుకున్నది 0.3 శాతమే. ఆమెకు పొట్ట కోసి చేస్తరు, ఆయనకు కోత కుట్లు లేకుండ కొద్ది నిమిషాలల్ల అయిపోతది, అదే రోజు ఇంటికి రావొచ్చు. బలం తగ్గదు, కాపురానికి ఏం కాదు, బరువు పనులు కొన్ని రోజులు ఆపితే చాలు. ఒక్కటి యాదిపెట్టుకోవాలె, చేయించుకున్నంక మూడు నెలల దాకా నిరోధ్ లాంటిది వాడాలె, తర్వాత పరీక్ష చేయించుకోవాలె. రెండు కాన్పులు పడ్డ ఆమెనే మల్ల బల్ల ఎక్కమనుడు న్యాయమా, మగవాళ్లు ఇంట్ల కూసొని నిదానంగ ఆలోచించండి.

ఆడ సర్పంచ్ గెలిస్తే మొగడే పెత్తనం చేస్తడు. రిజర్వేషన్ దేనికి?

మన రాష్ట్రంల పంచాయతీలల్ల ఆడవాళ్లకు సగం సీట్లున్నయి. ఆమె గెలుస్తది, కుర్చీల ఆయన కూసుంటడు, ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో పెద్దగ ఉంటది, అది నిజమే. అయినా రిజర్వేషన్ తీసేయాలంటే నేను ఒప్పుకోను. మొదటిసారి గెలిచినామె ఆఫీసర్ ముందట నిలబడనీకి భయపడ్తది, ఏడాదికి ఎంబీ రికార్డ్ (చేసిన పనుల కొలతల పుస్తకం) ఏందో, ఫండ్ ఎన్ని హెడ్డులల్ల వస్తదో తెలుస్తది. సంఘంల లెక్కలు రాసి బ్యాంకు మేనేజర్‌తోని మాట్లాడి వచ్చినామె అయితే ఇంక తొందరగ పట్టుకుంటది. చెక్కు మీద సంతకం సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరిది ఉండాలె, ఆమె చూడకుండ సంతకం పెట్టిన ప్రతి చెక్కుకు రేపు కేసైతే జవాబు చెప్పేది ఆమెనే, ఆయన కాదు. ఊరోళ్లు చేయాల్సింది ఒక్కటే, పని ఉంటే ఆమెనే అడగాలె, ఆయన దగ్గరికి పోవుడు బంద్ పెట్టాలె.

తాగి వచ్చి కొడ్తడు. ఎవరికి చెప్పాలె?

ప్రాణం మీదికి వస్తే 112. లేకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్, పగలు రాత్రి పనిచేస్తది. జిల్లాకో సఖి సెంటర్ ఉన్నది, ఆడ పోలీసు, డాక్టర్, వకీలు సాయం, కొన్ని రోజులు ఉండనీకి చోటు, అన్నీ ఒక్క కాడనే. 2005 గృహహింస చట్టం కింద ఇల్లు మొగని పేరు మీద ఉన్నా, అత్త పేరు మీద ఉన్నా ఆ ఇంట్ల ఉండే హక్కు మీకుంటది, అర్ధరాత్రి బయటికి వెళ్లగొట్టనీకి లేదు. కొట్టుడు ఒక్కటే కాదు, బూతులు తిట్టుడు, సంపాదన గుంజుకొనుడు, తిండికి పైసలు ఇయ్యకపోవుడు కూడ హింసనే. వకీలుకు పైసలు లేవు అనుకోకండి, ఆడవాళ్లకు ఎంత ఆదాయం ఉన్నా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఫ్రీగ వకీలును ఇస్తరు, 15100కి చేయండి.

పెద్దమనుషుల పంచాయతీల పెట్టుకుంటే ఎక్కువ సార్లు సర్ది పంపిస్తరు. పోతే పోండి, కానీ ఒంటరిగ పోకండి, సంఘం అక్కలను నలుగురిని తీసుకపోండి, దెబ్బలుంటే ముందు సర్కారు దవాఖానకు పోయి రాపియ్యండి.

ఈ చట్టాలను ఆడవాళ్లు తప్పుగ వాడుకుంటలేరా?

ఏ చట్టాన్నయినా తప్పుగ వాడేటోళ్లు ఉంటరు, భూమి చట్టం కూడ. వేధింపుల కేసుల పెట్టంగనే అరెస్ట్ చేయద్దని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది, పోలీసులు కారణం రాయాలె. అబద్ధం కేసైతే కోర్టుల తేలుతది. కానీ దెబ్బలు తిని పోలీస్ స్టేషన్ గడప తొక్కని ఆడవాళ్లు మన ప్రతి వాడల ఉన్నరు, నేను ముందుగాల వాళ్ల గురించే మాట్లాడుత.

షాపుల, మిల్లుల పనిచేసే కాడ ఓనర్ ఇబ్బంది పెడ్తే?

పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోట కంప్లయింట్ కమిటీ ఉండాలని 2013 చట్టం. అంతకంటే చిన్న షాపు అయినా, ఇంట్ల పనిచేసేటోళ్లయినా జిల్లాల లోకల్ కమిటీకి ఇయ్యొచ్చు. మూడు నెలల లోపల ఇయ్యాలె. మెసేజీలు డిలీట్ చేయకండి.

ట్రాన్స్‌జెండర్‌లు ఈ సమానత్వంల వస్తరా?

వస్తరు. 2014ల సుప్రీంకోర్టు వాళ్లను థర్డ్ జెండర్‌గ గుర్తించింది. మన తెలంగాణల నిజాం కాలం నాటి 1919 చట్టం ఒకటి ఉండె, వాళ్ల పేర్లు రిజిస్టర్‌ల రాసి, వారెంట్ లేకుండ పట్టుకపోనీకి. దాన్ని 2023ల మన హైకోర్టు కొట్టేసింది. నూరేండ్లు నడిచింది ఆ చట్టం. కాజీపేట స్టేషన్‌ల, దుకాణాల ముందట వాళ్లు చెయ్యి చాపుతున్నరంటే వాళ్లకు ఇల్లు కిరాయికి ఇయ్యని, పనిల పెట్టుకోని మనదే ఆ తప్పు.

ఇవన్నీ మన సంస్కృతిల లేని ముచ్చట్లు, బయటి నుంచి వచ్చినయి అంటరు.

ఓరుగల్లు కోటల నిలబడి ఈ మాట ఎట్ల అంటరు? 1262 నుంచి 1289 దాకా ఈ రాజ్యాన్ని ఏలింది రుద్రమదేవి. అయితే ఆమెకు కూడ శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టుకోవాల్సి వచ్చింది, అంటే అడ్డంకి కూడ అప్పటిదే. మేడారంల రెండేండ్లకోసారి లక్షల మంది మొక్కేది కాకతీయుల మీద కొట్లాడిన తల్లీబిడ్డలకు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మీద కొట్లాడింది తను కౌలుకు చేసుకున్న భూమి కోసం, దాని మీద పండిన పంట కోసం. ఆమె బొమ్మకు దండ ఏసి వచ్చి ఇంట్ల బిడ్డకు గుంట భూమి ఇయ్యం అంటే ఎట్ల?

సరే, మా ఇంట్ల ఎక్కడ మొదలుపెట్టాలె?

బీరువాల కాగితాలు తీయండి. పట్టా పాస్‌బుక్కు, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు ఖాతా, బండి ఆర్‌సీ, ఎల్‌ఐసీ బాండు, గ్యాస్ బుక్కు, ఒక్కొక్కటి ఎవరి పేరు మీద ఉన్నదో ఇద్దరు కూసొని చూడండి. గ్యాస్ బుక్కు, సంఘం అప్పు మాత్రమే ఆమె పేరు మీద ఉండి మిగతావన్నీ ఆయన పేరు మీద ఉంటే, సంఘం లోన్ పైసలు ఎవరు ఖర్చు పెట్టిన్రు, కిస్తీ ఎవరు కడుతున్నరు అది కూడ మాట్లాడుకోండి. కొత్తగ కొనే జాగ ఇద్దరి పేరు మీద రాయించండి. ఆమె ఏటీఎం కార్డు, పిన్ నంబర్ ఆమె దగ్గరనే ఉండాలె. ఫౌతి ఆగిపోయి ఉంటే మీసేవల స్లాట్ బుక్ చేసుకొని ముందు అది చేయించండి, వారసుల లిస్టుల ఆడబిడ్డల పేర్లు అన్నీ ఉన్నయా లేవా చూసినంకనే సంతకాలు పెట్టండి.